గళ్ళు కలవని చొక్కా

బహ్రెయిన్‌లో నేను ముఖాలు చెరిపే పని చేశాను. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. "దుబాయిల నీది ఏం పనిరా?" అని అడిగేవాళ్ళకు కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకునేవాణ్ణి. వాళ్ళకు గల్ఫ్ మొత్తం దుబాయే, బహ్రెయిన్ అనే పేరు నోటికి పట్టదు. వివరంగా చెబుదామంటే వినే ఓపిక వాళ్ళకు లేదు, రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయే తప్పుకు సగం కారణం ఆ కోపం. మిగతా సగం, నా పనితనం మీద నాకున్న నమ్మకం.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. ఫోన్లో వేలితో జరుపుతూ పోతే వీధిలో నడుస్తున్నట్టే కనిపించే పటం ఒకటి తయారు చేయించాలని మా కఫీల్‌కు బుద్ధి పుట్టింది. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి, మా పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకునే యజమాని. ఆయన అసలు వ్యాపారం కట్టడాల కాంట్రాక్టు. అమెరికాలో ఇలాంటి పటం వచ్చిందని ఎవరో చెవిలో ఊదారు. ఇక్కడ మనమే ముందుండాలని ఆయన పట్టుబట్టాడు. రాజధాని మనామాలో సూక్ అనే పాత బజారు వెనక, బంగారం దుకాణాల మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. ఒక తెల్ల కారు మీద నిలువుగా గడ బిగించి, దాని తలకు చుట్టూ కెమెరాలు పెట్టించాడు. ఆ కారు నడిపేది హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ఒక భాయ్. కారు ఆగినా ఆయన నోరు ఆగేది కాదు.

కారును శుక్రవారం పొద్దున తిప్పేవాళ్ళు. ఆ రోజు సెలవు కాబట్టి రోడ్ల మీద బండ్లు ఉండవు, ఫోటోలు శుభ్రంగా వస్తాయని లెక్క. ఆ లెక్క వేసిన పెద్దమనిషి ఎప్పుడూ కూలీలుండే క్యాంపులో ఉండి ఉండడు. శుక్రవారం బండ్లు ఉండవు గానీ లేబర్ మొత్తం రోడ్డు మీదే ఉంటుంది. క్షవరానికి వెళ్ళేవాడు, ఫోన్ కార్డు కొనుక్కునేవాడు, ఊరివాణ్ణి కలవడానికి ఇంకో క్యాంపుకు నడిచి పోయేవాడు. ఏ వీధి ఫోటో తీసినా దాన్నిండా మేమే.

ఆ ఫోటోలు నా కంప్యూటర్‌కు వచ్చేవి. నా పని రెండు రకాలు. ఒకటి, ఫోటోకూ ఫోటోకూ మధ్య అతుకు సరిగ్గా పడిందో లేదో చూడటం. గోడ మీద గీత ఇటు ఒక ఎత్తులో, అటు ఒక ఎత్తులో ఉంటే అతుకు తప్పిందని అర్థం. అక్కడ ఎర్ర గుర్తు పెట్టాలి. రెండోది, దారిన పోయేవాళ్ళ ముఖాల మీద, బండి నంబర్ల మీద గుండ్రంగా గీసి మసక పెట్టడం. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేదాకా అదే. వీపు కనిపిస్తే మసక అక్కర్లేదు, వీపుతో మనిషిని ఎవరు గుర్తుపడతారు అని సూపర్‌వైజర్ చెప్పాడు. ఆయన చెప్పింది విని అప్పుడు లోపల నవ్వుకున్నాను. ఎందుకంటే అంతకుముందు రెండేళ్ళు నేను ఒక వీపును చూస్తూనే బతికాను.

ఈ కుర్చీ దొరక్కముందు నేను అదే కఫీల్ దగ్గర, కట్టడాలకు పరంజా కట్టే స్కఫోల్డింగ్ పైపులు మోసేవాణ్ణి. పొడుగాటి పైపులు ఒక్కడు మోయలేడు, ఇద్దరు కావాలి. ముందొకడు, వెనకొకడు, ఇద్దరి భుజమూ ఒకటే వైపు. అడుగు కలవాలి, లేకపోతే పైపు ఊగి మెడ విరుగుతుంది. ఇలా కలిసి మోసే ఇద్దరినీ ఫోర్‌మన్ జోడీ అని పిలిచేవాడు. నా జోడీ మా ఊరివాడే. ఇద్దరం ఒకే రోజు బయల్దేరి, ఒకే విమానం ఎక్కి వచ్చాం. వాడు ముందు నడిచేవాడు, నేను వెనక. వాడి మెడ మీద చెమట ఎలా జారుతుందో, ఎడమ భుజం ఎంత కిందికి వంగిందో, అలసిపోతే మడమ ఎలా ఈడుస్తాడో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నా వెనక ఎవరూ ఉండేవారు కాదు.

మేము బయల్దేరే ముందు, బొంబాయిలో దిగగానే తన మనిషి మమ్మల్ని గుర్తుపట్టాలి కాబట్టి ఇద్దరూ ఒకే రకం చొక్కా వేసుకోండని ఏజెంటు చెప్పాడు. నా జోడీ భార్యకు కుట్టు మిషను ఉంది. పగలంతా బీడీలు చేసి, మిగిలిన పొద్దులో ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టేది. ఒకే తాను నుంచి ఆకుపచ్చ గళ్ళ గుడ్డ చింపించి తెచ్చి ఇద్దరికీ చొక్కాలు కుట్టింది. గుడ్డ కొంచెం తక్కువ పడిందని తన భర్తతో అంటుండగా విన్నాను. చొక్కాలు మాత్రం రెండూ సరిగ్గానే వచ్చాయి. నన్ను ఆమె అన్నా అని పిలుస్తుంది, నేను చెల్లె అంటాను. "ఇద్దరు ఒక్క తీరుగ ఉన్నరు, ఒకర్నొకరు తప్పిపోకుండ్రి" అని ఆ రోజు నవ్వింది.

తప్పిపోవడానికి కారణం నేనే. నాకు ఇంటర్ దాకా చదువు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు చదువుతాను. అది తెలిసి కఫీల్ మనుషులు నన్ను ఈ కంప్యూటర్ పనికి లాగారు. జోడీ విరిగింది. వాడికి కొత్తగా వచ్చినవాణ్ణి కట్టారు. నెల గడిచాక ఒక శుక్రవారం మధ్యాహ్నం సల్మాబాద్ క్యాంపులో, అన్నాలు తిన్నాక, వాడు మంచం మీద కూర్చుని భుజం రుద్దుకుంటూ అన్నాడు.

"నువ్వు కుర్సీల కూసున్నవ్. నేను గీ కొత్తోనితోని సస్తున్న. వాడు అడుగు కలపడు, బరువంత నా మీదికే వస్తున్నది. నీ సార్లకు ఒక్క మాట చెప్పరాదురా నా గురించి."

వాడి గురించి సార్లను అడిగి చూసి, చీవాట్లు తిని వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది. అది చెప్పొచ్చు. చెప్పలేదు. నాకు చిర్రెత్తింది.

"నేనేమన్న నిన్ను మొయ్యమన్ననా? చాతగాకుంటే ఇంటికి పో," అన్నాను.

పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉన్నవాణ్ణి ఇంటికి పొమ్మన్నాను. వాడు అటు తిరిగి పడుకున్నాడు. ఆ పూట కూడా నాకు కనిపించింది వీపే. మూడు రోజుల తర్వాత నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణి అక్కడ ఖల్లివెల్లి అంటారు. వాడు ఖల్లివెల్లి అయ్యాడని ఫోర్‌మన్ పేరు కొట్టేశాడు. కంపెనీకి సంబంధించినంతవరకు అక్కడితో ఖలాస్.

నాకు మాత్రం కాలేదు. ప్రతి శుక్రవారం బయల్దేరేవాణ్ణి. ఆకుపచ్చ గళ్ళ చొక్కా వేసుకునే పోయేవాణ్ణి, దూరం నుంచి చూసి వాడే నన్ను గుర్తుపడతాడని. సల్మాబాద్‌లో గ్యారేజీల సందులన్నీ తిరిగాను. అస్కర్ పోయి అక్కడి క్యాంపుల గేట్ల దగ్గర నిలబడ్డాను. మనామా సూక్‌లో మనవాళ్ళు గుంపులుగా నిలబడే చోట అడిగాను. నడుస్తుంటే ఒక్కోసారి నా అడుగుకు ముందు ఇంకో అడుగు పడుతున్నట్టుండేది. నేను ఆగితే అదీ ఆగేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ అడుగు తప్పితే ఏమవుతుందోనని నడక సరిచేసుకునేవాణ్ణి. చొక్కా ఆరేడు నెలలకు చంకలో చిరిగింది, వంటగదిలో గిన్నెలు దించే గుడ్డ అయింది. తర్వాత కూడా తిరిగాను, మామూలు చొక్కాలతో.

వారం పొడుగునా ఆఫీసులో కూడా అదే పని. ప్రతి ముఖం మీద మసక పెట్టేముందు ఒకసారి చూసేవాణ్ణి. వాడేనా? కాదు. గుండ్రటి గీత. వాడేనా? కాదు. గుండ్రటి గీత. కొన్నాళ్ళకు కళ్ళు మూసుకుంటే ముఖాల చోట బూడిదరంగు మచ్చలే కనిపించేవి. క్యాంపులో అన్నం వడ్డించేవాడి ముఖం కూడా ఒక్క క్షణం అలాగే కనిపించి ఉలిక్కిపడ్డాను. అన్నం సహించక లేచి వెళ్ళిపోయాను.

ఏడాదిన్నర దాటింది. ఒక రోజు చెల్లె ఫోన్ చేసింది. ఏడవడం లేదు, అందుకే భయమేసింది.

"అన్నా, ఎవరో ఊళ్ళెకొచ్చి చెప్పిండంట, ఆయిన పడవల పారిపోతుంటే మునిగిపోయిండని. మా బావ పంచాయితి పెట్టిండు. మోదుగాకుల బొమ్మను చేసి కాలవెడ్తరంట. వచ్చే అమాసకు."

మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి దేశం మీద పోయి శవం కూడా దొరక్కపోతే, మోదుగాకులతో మనిషంత బొమ్మ కట్టి, బట్ట చుట్టి, పాడె మీద మోసి కాలుస్తారు. అలా చేయకపోతే పోయినవాడు ఇంటి చుట్టే తిరుగుతాడంటారు. బొమ్మ కాలిన తర్వాత ఆమె గాజులు, మట్టెలు తీసేస్తారు. తర్వాత వాడు బతికి వచ్చినా ఊళ్ళో చచ్చినవాడే. బొమ్మను మోయడానికి అప్పుడే నలుగురిని అనుకున్నారని ఆమె చెప్పింది.

"నీకు ఏమన్న కనవడ్డదా అన్నా? ఒక్క ముచ్చట చాలు. లేకుంటే నా మాట ఎవరింటరు?"

అమావాస్యకు పన్నెండు రోజులు. నేను ఏమీ లేదన్నాను. ఫోన్ పెట్టేశాక ఆమె ఊపిరి చాలాసేపు చెవిలోనే ఉంది.

ఆ తర్వాత నాలుగో రోజు, సల్మాబాద్ ఫోటోలు తెరిచాను. తీసి చాలా నెలలైనా మాకు అప్పటికి వాటి వంతు వచ్చింది. టైర్ల షాపులు, మూసిన షట్టర్లు, ఒక ఖాళీ కంపెనీ బస్సు. రోడ్డు పక్కన ఒక మనిషి నడిచి పోతున్నాడు, కెమెరాకు వీపు పెట్టి. ఆకుపచ్చ గళ్ళ చొక్కా. ఎడమ భుజం కిందికి. తర్వాతి ఫోటోలో ఇంకా దగ్గరగా ఉన్నాడు. మడమ ఈడుస్తున్నాడు. మూడో ఫోటోలో రెండు గ్యారేజీల మధ్య సందులోకి తిరిగిపోయాడు, మోచేయీ చెప్పూ మాత్రమే ఉన్నాయి.

వాడే. రెండేళ్ళు ఆ వీపు వెనక నడిచినవాణ్ణి, నాకు సాక్ష్యం ఎవరు చెప్పాలి? దగ్గరికి లాగి చూశాను. భుజాల దగ్గర చొక్కా గళ్ళు ఒకదానికొకటి కలవడం లేదు, అడ్డగీత ఒక వేలెడు జారింది. అతుకు తప్పింది, ఫోటో సరిగ్గా కలపలేదు అనుకున్నాను. అలవాటైన చెయ్యి, తనంతట తనే అక్కడ ఎర్ర గుర్తు పెట్టింది.

ఆ సాయంత్రమే డ్యూటీ బట్టలతోనే ఆ సందుకు పోయాను, ఫోటో కాగితం మీద అచ్చు తీసుకుని. మూల మీద పంక్చర్ షాపు. పెషావర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఫోటో చూపించి, ఇతన్ని చూశావా అని హిందీలో అడిగాను.

ఆయన ఫోటో చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోటో చూసి నవ్వాడు.

"ఎందుకు చూడలేదు భాయ్? ప్రతి శుక్రవారం వస్తాడు. ఎవరినో వెతుకుతుంటాడు పాపం," అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒకడి బతుకు పోతుంటే నవ్వేమిటని ఒళ్ళు మండింది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. అడగలేదు, ఫోటో లాక్కుని వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే మాట అనుకుంటూ నడిచాను. వాడు బతికే ఉన్నాడు. నా కోసమే వెతుకుతున్నాడు, వాడికి ఇక్కడ ఇంకెవరున్నారు?

చెల్లెకు ఫోన్ చేశాను. "చూసిన చెల్లె. నా కండ్లతోని చూసిన. బతికే ఉన్నడు," అన్నాను. ఆఫీసులో దొరికిన ఫోటో సంగతి చెప్పాను. ఆమె ఆ ఫోటో పంపమంది. ఆ వారమే మా పక్క ఊరివాడు ఒకడు ఇంటికి పోతుంటే కాగితం మడిచి కవర్లో పెట్టి ఇచ్చాను. అది అమావాస్యకు రెండు రోజుల ముందు చేరింది. ఆమె దాన్ని కుల పెద్దల ముందు పరిచి, ఇగో నా భర్త, దుబాయిల నడుస్తున్నడు, బతికున్న మనిషికి బొమ్మ చేస్తరా అని అడిగిందట. చొక్కా అందరూ గుర్తుపట్టారు. బొమ్మ ఆగిపోయింది. ఆ పూట నాకు కలిగిన సంతోషం బతుకులో మళ్ళీ కలగలేదు. వంటవాడికి చెప్పి మా గది అందరికీ కోడికూర వండించాను.

తర్వాతి శుక్రవారాలు ఆ సందు ఎదురుగా, ఆగి ఉన్న బస్సు నీడలో కూర్చున్నాను. వాడు రాలేదు. పంక్చర్ షాపు పెద్దాయన నన్ను చూసి చాయ్ గ్లాసు ఎత్తి రమ్మన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ఐదారు వారాలైంది. ప్రతి శుక్రవారం వచ్చేవాడు నేను కూర్చున్నప్పటి నుంచే ఎందుకు రాడు? నన్ను చూసి దాక్కుంటున్నాడు, అంతే. నా మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడు. పెళ్ళానికి ఒక్క ఫోన్ చేయడా? అక్కడ ఆమె పంచాయితీల్లో నిలబడుతుంటే వీడు ఇక్కడ సందుల్లో పంతం పట్టి తిరుగుతున్నాడా? నాకు రోషం వచ్చింది. నువ్వు రాకపోతే నాకేం, బతికున్నావు కదా, అది చాలు అనుకున్నాను. వెతకడం మానేశాను.

శుక్రవారాలు నిద్రపోయేవాణ్ణి. నడకలో నా ముందు పడే అడుగు కూడా ఆగిపోయింది. పీడ వదిలిందనుకున్నాను.

అలా ఏడాది పైనే గడిచింది. కఫీల్‌కు పటం చూపించే రోజు వచ్చింది. అప్పుడే కొత్తగా వస్తున్న తాకితే పనిచేసే ఫోన్ ఒకటి తెచ్చి, అందులోకి మనామా, సల్మాబాద్ ఎక్కించారు. కఫీల్ వేలితో వీధులు జరుపుకుంటూ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆయన పోయాక, తెప్పించిన బిర్యానీ తింటూ ఫోన్ మేం తలా కాసేపు చేతిలోకి తీసుకున్నాం. కారు నడిపే భాయ్ చెయ్యి తుడుచుకుని తను తిప్పిన రోడ్లన్నీ మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి నన్ను పిలిచాడు.

"అరే మియా, ఇదర్ దేఖో. నువ్వు ఫోన్ల పడ్డవ్."

చూశాను. సల్మాబాద్ సందు. ఆకుపచ్చ గళ్ళు.

"అది నేను కాదు భాయ్. మా ఊరోడు," అన్నాను.

"పాగల్ హై క్యా? రోజు నీ ఎన్క మెట్లు ఎక్కుత నేను. నీ ఈపు నాకు ఎర్క లేదా? ఆ దినం నిన్ను చూసి హారన్ భీ కొట్టిన. నువ్వు ఎన్కకు తిరగలే, ఏదో పోగొట్టుకున్నోని తీరు గల్లీలకు పోయినవ్."

బిర్యానీ పక్కన పెట్టాను. ఫోన్ తీసుకుని వేళ్ళతో పెద్దది చేశాను. భుజాల దగ్గర గళ్ళ అడ్డగీత జారే ఉంది. కానీ దాని వెనకున్న షట్టరు గీతలు తిన్నగా ఉన్నాయి. రోడ్డు అంచు తిన్నగా ఉంది. ఫోటో అతుకు తప్పితే అవి కూడా తప్పాలి. ఇన్నాళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, అంత మాత్రం చూడలేకపోయాను. తప్పింది చొక్కా ఒక్కటే.

ఎడమ భుజం నాదీ వంగిందని ఎవరు చెప్పాలి? ఒకే పైపు, ఒకే వైపు మోశాం. వాడి మడమ వెనక నడిచి నడిచి నా మడమ కూడా అలాగే ఈడవడం నేర్చింది. పంక్చర్ షాపాయన నవ్వు గుర్తొచ్చింది. ఎదురుగా నిలబడి నా ఫోటో నేనే చూపించి, ఇతన్ని చూశావా అని అడిగాను. ఆయన తమాషా అనుకున్నాడు. ప్రతి శుక్రవారం వచ్చి ఎవరినో వెతికేవాణ్ణి నేనే. నన్ను నేను బస్సు నీడలో కూర్చుని ఐదారు వారాలు కాపలా కాశాను. నా మీద నేనే అలిగి వెతకడం మానేశాను.

క్యాంపు వంటగదిలో ఆ చొక్కా గుడ్డ ఉందేమోనని వెతికాను. ఎప్పుడో పారేశారు.

చెల్లెకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు తన్నుకులాడాను. చెబితే బొమ్మ కాలుతుంది. చెప్పకపోతే ఆమె నా వీపును భర్త అనుకుంటూ గోడకు పెట్టుకుని ఉంటుంది.  మెట్లు ఎక్కేటప్పుడు గోడకు ఆనుకుని ఎక్కేవాణ్ణి, వెనక ఎవరూ చూడకుండా. చివరికి ఒక శుక్రవారం పొద్దున ఫోన్ చేశాను.

"చెల్లె, ఒక మాట చెప్తా, నన్ను ఏమన్న అను. ఆ ఫోటోల ఉన్నది..."

"నాకెర్కనే అన్నా," అంది.

"ఏమెర్క?"

"అది నువ్వని. కాయితం ఇప్పిన దినమే ఎర్కయింది. నేను కుట్టిన అంగీ నాకు ఎర్క గాదా? గుడ్డ సాలకపోతే నీ దానికి ఎన్క భుజాల కాడ అతుకు వేసిన. గళ్ళు కలవలే. నీ కోపం సంగతి ఎర్కనే గదా, ఏమన్న అంటవని చెప్పలే. ఎన్క దిక్కు నువ్వు చూసుకోవు గదా అనుకున్న."

 మరి అందరికీ ఆయనే అని ఎందుకు చూపించావని అడిగాను.

"ఇంకేం చెయ్యాలె? ఆళ్ళు ఆకులు గూడ తెంపి పెట్టిండ్రు. ఆ ఫోటోల ఆయిన లేడు. గని ఆయిన కోసం తిరిగే మనిషి ఉన్నడు. అంగీ గూడ అదే తొడుక్కున్నవ్, ఆయిన గుర్తువడ్తడని. గంత దూరం దేశంల ఒక్కడన్న ఎతుకుతున్నడు గదా అనుకున్న. ఎతికేటోడు ఉన్నన్ని దినాలు నేను బొమ్మను కాలవెట్టనియ్య అన్నా. మంచిగ నిద్రవట్టింది ఆ రాత్రి."

నేను ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా వాడి మంచం. దాని మీద ఇప్పుడు ఇంకెవరో పడుకుంటున్నారు.

"ఇప్పుడు గూడ పోతున్నవా అన్నా, శుక్రారం శుక్రారం?" అని అడిగింది.

నేను ఏడాది నుంచి శుక్రవారాలు నిద్రపోతున్నాను. ఆమె గాజులు నా నడక మీద నిలబడి ఉన్నాయని తెలియక నిద్రపోతున్నాను. ఆమెకు అన్నీ తెలుసు, ఇదొక్కటే తెలియదు.

"పోతున్న చెల్లె," అన్నాను. "ఇగో, ఇప్పుడే ఎల్తున్న."

ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నాను. ఎండ అప్పుడే ముదురుతోంది. సల్మాబాద్ రోడ్డు మీద లేబర్ గుంపులు గుంపులుగా పోతున్నారు. నాలుగడుగులు వేశానో లేదో ముందు ఆ అడుగు మళ్ళీ పడింది. నా నడక దానికి కలిపాను. కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

పంక్చర్ షాపాయన టైరు మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం కొంచెం నెరిసింది. నన్ను చూసి ఈసారి నవ్వలేదు, పక్కనున్న ఇంకో టైరు చూపించి కూర్చోమన్నాడు.

"చాలా రోజులైంది భాయ్. నీ మనిషి దొరికాడా?"

"లేదు," అన్నాను.

"ఫోటో ఏదన్నా ఉందా? అసలుది?"

లేదన్నాను. సరే, ఎలా ఉంటాడో చెప్పు, దారిన పోయేవాళ్ళను చూస్తుంటాను అన్నాడు. చొక్కా అనబోయి ఆగాను. భుజం, మడమ అనబోయి ఆగాను. అవి నాకూ ఉన్నాయి. ఇక ముఖం చెప్పాలి. కళ్ళు మూసుకున్నాను. మెడ మీద జారే చెమట కనిపించింది, అటు తిరిగి పడుకున్న వీపు కనిపించింది. వాణ్ణి ఇటు తిప్పడానికి ఎంత ప్రయత్నించినా, తిరిగిన చోట గుండ్రంగా మసక మచ్చ ఉంది.

పెద్దాయన నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి ఎదురుచూస్తున్నాడు. వచ్చే శుక్రవారం వచ్చి చెబుతానన్నాను.